కొట్టు దండలో మన కాఫీ ఏదీ?

ఇన్‌స్టంట్ కాఫీని చిన్నచూపు చూసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. రెండు రూపాయల ప్యాకెట్టు చింపి పాలలో కలుపుకుని తాగే మనిషిని చూసి ముక్కు విరిచేవాడికి చీడికాడ తెలియదు, తెల్లవారకముందే లేచే ఆడమనిషి తెలియదు, కూలి డబ్బు విలువ తెలియదు. వాడి మీద ఒక కోపం. అంతకన్నా పెద్ద కోపం ఇంకొకటుంది. ఆ ప్యాకెట్టులోని పొడి ఏ తోటదో కొన్నవాళ్ళకు ఎవరూ చెప్పరు. చీడికాడలో నిలబడి తలెత్తితే కనబడే కొండల వరసలో కాఫీ పండుతోంది. ఆ కాఫీ పారిస్ దాకా వెళ్ళింది. ఘాట్ దిగి కింద ఉన్న కిరాణా కొట్టుకు మాత్రం రాలేకపోయింది.

చీడికాడ ఎక్కడుందో తెలియనివాళ్ళకు రెండు మాటలు. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లాను ముక్కలు చేసినప్పుడు ఈ మండలం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. కింద చెరకు, వరి. పైన కోనాం రిజర్వాయరు, దాని వెనక తూర్పు కనుమలు. అదే రోజు ఆ కొండలు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి. కాగితం మీద రెండు జిల్లాలు గానీ నేల మీద ఒకటే వాలు. కొండ మీద కురిసిన వాన కోనాంలో నిలిచి కింది పొలాలకు పారుతుంది. కొండ మీద పండిన పసుపు, చింతపండు, పిప్పళ్ళు, కొండచీపుళ్ళు, అడ్డాకులు సంతలకు దిగుతాయి. ఉదయం బస్సెక్కి మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కితే భోజనం వేళకు ముందే పాడేరులో ఉంటాం. వాన వస్తోంది, పసుపు వస్తోంది, చీపురు వస్తోంది. కాఫీ ఎందుకు రాదు?

ముందు ప్యాకెట్టు సంగతి తేలుద్దాం. దాని వల్ల ఎవరికి ఏం సుఖం కలిగిందో ఒప్పుకోకుండా దాన్ని తిట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇక్కడ పొద్దు గేదె దగ్గర మొదలవుతుంది. చీకటితోనే పాలు పిండి వేళకు పాలకేంద్రంలో పోసి రావాలి. ఆ తర్వాత పేడ ఎత్తడం, కళ్ళాపి, పిల్లల బడి, పొలానికి వెళ్ళేవాళ్ళ క్యారేజీ. వేసవిలో ఎండ ముదరకముందే ఉపాధి పనికి చేరుకోవాలి. చెరకు నరికే రోజుల్లో అంతకన్నా ముందు. ఇంత పనిలో కాఫీ కోసం ఆమె ఇవ్వగలిగింది పొయ్యి మీద పాలు పొంగేంత సేపు. ఆ పాలు కూడా అమ్మగా ఇంటికని అట్టేపెట్టుకున్న గ్లాసుడు. ప్యాకెట్టు చింపి పొడి వేసి చెంచాతో తిప్పితే అయిపోయింది. వడపోత లేదు, పిప్పి లేదు, తోముకోవలసిన సామాను లేదు. రెండు నిమిషాల్లో పని తెమిలితే మిగిలిన పావుగంట ఆమెది. ఆమె ఆ పావుగంట కూర్చుంటుందో, జడ వేసుకుంటుందో, ఇంకో పని మొదలుపెడుతుందో నాకు అనవసరం. అది ఆమె చేతిలో ఉందన్నదే లెక్క.

ఫిల్టరు కాఫీ ఏమేం అడుగుతుందో చూడండి. రెండు అరల ఫిల్టరు కొనాలి. పొడి పొట్లం మొత్తంగా ఒకేసారి డబ్బు పెట్టి కొనాలి. మరిగిన నీళ్ళు పోసి డికాషన్ దిగేదాకా పావుగంటో ఇరవై నిమిషాలో ఆగాలి. బెజ్జాలు పూడుకుంటే నిప్పు సెగ మీద కాల్చి శుభ్రం చేయాలి. పొడి డబ్బా మూత తీసిన రోజు నుంచీ వాసన పోతూనే ఉంటుంది, వానాకాలపు తేమలో మరీ త్వరగా. పొద్దున్నే ఆరుగురికి కాఫీ కలిపే ఇంటికి ఇవి లెక్కలోకి రావు. చుట్టం వస్తే తప్ప కాఫీ కలపని ఇంటికి పొడి పొట్లం కొనడమంటే సగం డబ్బు పారేసుకోవడమే.

ఇన్‌స్టంట్ పొడికి తేమ ఇంకా పెద్ద శత్రువు. గాలి తగిలితే చాలు, గడ్డకట్టి రాయవుతుంది. అందుకే గ్లాసుకొకటి చొప్పున మూసి అమ్మే ప్యాకెట్టు అంత గొప్పగా అతికింది. ఈ చిన్న ప్యాకెట్టు ఆలోచన పెద్ద కంపెనీల మేడల్లో పుట్టలేదు. కడలూరులో చిన్నికృష్ణన్ అనే మనిషి షాంపూ సీసా కొనలేనివాళ్ళకు ఒక తలంటుకు సరిపడేంత సంచిలో పోసి అమ్మాడు. కూలి డబ్బు రోజుకు రోజు వచ్చే చోట సరుకు కూడా రోజుకు రోజు దొరకాలన్న తెలివి అది. చీడికాడ కొట్టు ముందు షాంపూల పక్కనే కాఫీ ప్యాకెట్ల దండ వేలాడుతోందంటే కారణం ఆ తెలివే. దాన్ని పేదల చవకబారు రుచి అనేవాడు లెక్క తెలియనివాడు.

మర్యాద సంగతి కూడా చెప్పాలి. ఇంటికి మనిషి వస్తే మంచినీళ్ళ చెంబు ఇచ్చి ఊరుకోవడం ఉత్తరాంధ్రలో ఏ ఇంటికీ ఇష్టం ఉండదు. “కూకోండి బాబూ, కాపీ ఎట్టెత్తాను” అని లోపలికి వెళ్ళే తల్లిని ప్రతి వీధిలోనూ చూస్తాం. పిల్లాడు కొట్టుకు పరుగెత్తి రెండు ప్యాకెట్లు తెస్తాడు. ఆ రెండు ప్యాకెట్లు లేని కాలంలో ఆ ఇంటికి వచ్చినవాళ్ళ ముందు కాఫీ మాటే ఎత్తే వీలుండేది కాదు. కాఫీ అంటే కరణం గారింట్లో, మాస్టారి ఇంట్లో, పట్నంలో ఉద్యోగం చేసే కొడుకున్న ఇంట్లో. మిగతా ఊరికి గంజి, తరవాణి, తర్వాత తర్వాత టీ.

ఇక్కడే ఫిల్టరు గొప్పలు చెప్పేవాళ్ళు వినడానికి ఇష్టపడని మాట ఒకటి ఉంది. వాళ్ళు కీర్తించే ఆ కాఫీ మన ఊళ్ళలో ఎన్నడూ అందరిదీ కాలేదు. దాని చుట్టూ మడి ఉండేది. ఇత్తడి ఫిల్టరు వంటింట్లో ఉంటే ఆ వంటింటి గడప ఎవరు దాటవచ్చో, ఎవరు వాకిట్లోనే ఆగాలో నియమం ఉండేది. బ్రాహ్మణ హోటలు అన్న బోర్డు వెనక వేరే బల్లలు, వేరే వరసలు ఉండేవి. టీ దుకాణాల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి తెలుగు పల్లెల్లో ఎంత కాలం నడిచిందో, దాని మీద ఎన్ని పోరాటాలు జరిగాయో చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. మూసి ఉన్న ప్యాకెట్టు మీద ఎవరి చేయీ పడలేదు. కొన్నవాడు తన ఇంట్లో, తన గ్లాసులో, తన పాలలో కలుపుకుంటాడు. కాఫీని వాకిలి నుంచి వీధి చివరి ఇంటి దాకా నడిపించింది ఈ పొడి. ఆ నడకను గుర్తించకుండా “అసలైన కాఫీ” గురించి పాఠాలు చెప్పేవాళ్ళు తమ తాతల కాలపు గదిని తలచుకుని మురుస్తున్నారు. ఆ గది బయట నిలబడినవాళ్ళను తలచుకోవడం లేదు.

ఆ ఇత్తడి ఫిల్టరు కోసం అందరికన్నా ముందు ఎవరు లేచేవారో కూడా అడగాలి. డికాషన్ రుచి గురించి కాగితాల నిండా రాసిన మగవాళ్ళలో ఎందరు నాలుగున్నరకు లేచి నీళ్ళు కాచారు? తలుపు దగ్గర పేపరు, చేతికి పొగలు కక్కే గ్లాసు, ఆ సుఖం మొత్తం ఇంకొకరి నిద్ర ఖరీదు. సౌకర్యం అన్న మాట వినగానే మొహం చిట్లించేవాళ్ళు దాదాపు ఎప్పుడూ తాము పని చేయనివాళ్ళే.

ఇన్‌స్టంట్ కాఫీ పుట్టుక కథలో మన రైతు చదువుకోవలసిన పాఠం ఉంది. కాఫీ కషాయాన్ని ఆరబెట్టి పొడి చేసే ప్రయత్నాలు పాతవే. న్యూజిలాండ్‌లో డేవిడ్ స్ట్రాంగ్ 1890 నాటికే ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1901లో అమెరికాలోని బఫెలో ప్రదర్శనలో సతోరీ కాటో అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త తన పొడిని జనానికి రుచి చూపించాడు. కానీ అది లోకమంతా వ్యాపించడానికి దారి తీసింది బ్రెజిల్ రైతు కష్టం. 1929లో మార్కెట్లు కూలాయి, కాఫీ ధర పడిపోయింది, గిడ్డంగుల్లో గింజ గుట్టలు పడింది. 1931 నుంచి 1944 దాకా బ్రెజిల్ దాదాపు 7 కోట్ల 80 లక్షల బస్తాల కాఫీని కాల్చీ పారబోసీ నాశనం చేసింది. పండించినవాడి కళ్ళ ముందే పంట బూడిదైంది. ఆ గింజను చెడకుండా నిలవుంచే దారి చూడమని బ్రెజిల్ వాళ్ళు స్విట్జర్లాండ్‌లోని నెస్లేను అడిగారు. మాక్స్ మోర్గెంటాలర్ అక్కడ ఏళ్ళ తరబడి కూర్చుని ఆ పని సాధించాడు. 1938లో నెస్‌కెఫే బజారుకు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల సంచుల్లో చేరి ఆ పొడి భూగోళం చుట్టి వచ్చింది.

ఆ పొడి వల్ల ఏ కంపెనీ ఎంత సంపాదించిందన్నది వేరే చర్చ. అసలు ఆలోచన మాత్రం ఇదే: మిగిలిపోయిన గింజ, చిన్న గింజ, ధర పలకని గింజ వృథా పోకుండా ఏళ్ళ పాటు నిలవుండే సరుకుగా మార్చి, దాన్ని మామూలు మనిషి గుమ్మం దాకా చేర్చడం. రైతుకు బేరం కుదరని ఏడాది ఆసరా, తాగేవాడికి చవక. ఈ రెండూ కావలసిన చోటు భూమ్మీద ఎక్కడైనా ఉందంటే అది మన్యం అని పిలిచే ఈ కొండలూ వాటి కింది పల్లెలూ.

మన్యపు కాఫీ చరిత్ర చిన్నది కాదు. 1898లో పాత తూర్పు గోదావరి జిల్లా పాములేరు లోయలో తెల్లదొరలు మొదటి మొక్కలు పెట్టారు. తర్వాత అరకు, అనంతగిరి వైపు పాకింది. 1960లలో అటవీశాఖ పెద్ద ఎత్తున నాటింది. చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో 1976లో కాఫీ బోర్డు పరిశోధనా కేంద్రం వచ్చింది. కొండ నరికి కాల్చి సాగుచేసే పోడుకు బదులుగా గిరిజన కుటుంబాల చేతికి కాఫీ మొక్క ఇచ్చారు. నీడకు సిల్వర్ ఓక్, ఆ చెట్టు మొదలుకు మిరియాల తీగ, దాని కింద అరబికా. ఇప్పుడు లక్షన్నర గిరిజన కుటుంబాలు దీని మీద ఆధారపడి ఉన్నాయి. వీళ్ళవి పెద్ద ఎస్టేట్లు కావు, ఎకరమో రెండెకరాలో ఉన్న తోటలు. నవంబరు నుంచి పండు ఎరుపెక్కుతుంది. చెట్టు చెట్టుకూ తిరిగి పండినది మాత్రమే ఏరి కోయాలి. తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి పార్చ్‌మెంటు చేసి అమ్మితే ఒక ధర. ఆ ఓపికా చోటూ డబ్బూ లేక పండుగానే అమ్మితే ఇంకొక ధర. ముందే అప్పు ఇచ్చిన షావుకారు చేతిలో పెడితే అతను చెప్పిందే ధర.

2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. గిరిజన రైతుకు మంచి ధర ఇప్పించడానికి నాంది వాళ్ళూ, వాళ్ళు కూడగట్టిన రైతుల సహకార సంఘమూ చేసిన పనిని నేను తక్కువ చేయను. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ దళారికి అడ్డుగా నిలబడి కాఫీ కొన్నందువల్లే ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. ప్రధానమంత్రి 2024 జూన్‌లో మన్ కీ బాత్‌లో అరకు కాఫీని పొగిడినప్పుడు మన్యంలో సంతోషించనివాళ్ళు లేరు. నేనూ సంతోషించాను.

అయినా నా ప్రశ్న పోలేదు. ఎందుకంటే మన ప్రభుత్వాలు ఏ పార్టీవి వచ్చినా అరకు కాఫీని బహుమతి పెట్టెగానే చూస్తున్నాయి. విదేశీ అతిథికి ఇచ్చే పెట్టె, పెట్టుబడుల సదస్సులో స్టాలు, విమానాశ్రయంలో కౌంటరు. మెరిసే డబ్బా, దాని మీద కొండ బొమ్మ, తలపాగా చుట్టిన మనిషి బొమ్మ. ఆ బొమ్మలోని మనిషి సంతకు దిగి ఏం కొంటున్నాడో చూడండి. ఉప్పు, నూనె, పిల్లలకు బిస్కెట్లు, ఒక కాఫీ ప్యాకెట్ల దండ. తన చేత్తో కోసిన పండు డబ్బుతో, ఏ ఊరి గింజతో చేసిందో తెలియని పొడి కొనుక్కుని మళ్ళీ కొండెక్కుతున్నాడు. ఈ దృశ్యం చూసి సిగ్గుపడవలసినవాడు కొన్న మనిషి కాదు. పాతికేళ్ళుగా కాఫీ పథకాలు రాసిన ప్రతి కార్యాలయమూ సిగ్గుపడాలి.

ఆ దండలోంచి ఒక ప్యాకెట్టు తెంపి వెనక్కి తిప్పి చదవండి, చిన్న అక్షరాలు కనబడతాయి. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే ప్యాకెట్లలో ఉండేది ఒట్టి కాఫీ కాదు, కాఫీ చికోరీ మిశ్రమం. చికోరీ అంటే గుజరాత్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో పండే ఒక మొక్క వేరు. దాన్ని వేయించి కలిపితే రంగు చిక్కబడుతుంది, చేదు నిండుగా ఉంటుంది, ఖర్చు తగ్గుతుంది. మన ఆహార చట్టం ఈ మిశ్రమంలో చికోరీని నూటికి 49 పాళ్ళ దాకా అనుమతిస్తుంది, ఎంత కలిపారో పైన రాయాలంటుంది. చికోరీ విషం కాదు. దక్షిణాదిలో ఫిల్టరు పొడిలోనూ తరతరాలుగా కలుపుతున్నారు, ఆ రుచికి అలవాటు పడినవాళ్ళు దాన్నే కోరుకుంటారు. నా అభ్యంతరం చికోరీ రుచి మీద కాదు. కొండ మీద కాఫీకి గిరాకీ కావాలని మొత్తుకుంటూ, కొండ కిందివాళ్ళకు చికోరీ కలిపిన పొడి చాలని వదిలేసిన ఆలోచన మీద.

“ఊళ్ళోవాళ్ళకు అరబికా తేడా ఏం తెలుస్తుంది?” అన్న మాట చదువుకున్నవాళ్ళ నోటే విన్నాను. ఆ మాటకు నాకు రక్తం ఉడికింది. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు దిమ్మె తీసుకెళ్ళే రైతును ఎప్పుడైనా చూశారా? రంగు చూసి, గోటితో గీరి, ఒక పలుకు నాలుక మీద వేసుకుని ఆ పాకం ఎక్కడ ముదిరిందో, ఎక్కడ సున్నం ఎక్కువైందో చెబుతాడు. ఏ నేల చెరకో చెప్పగలిగినవాళ్ళున్నారు. కొత్త బెల్లం, పాత బెల్లం తేడా ఇక్కడ చిన్నపిల్లలకు తెలుసు. గేదె మేత మారితే పాల రుచి మారిందని ఇంట్లో ఆడవాళ్ళు పట్టేస్తారు. అటువంటి నాలుకలకు కాఫీ రుచి తెలియదనడం అహంకారం. మంచి కాఫీ ఒకసారి ఇచ్చి చూడండి. కాచి దించిన డికాషన్‌లో బెల్లం కరిగించి, పాలు కాస్త చల్లారాక కలిపితే విరగవు. ఆ బెల్లం కాఫీలో కొండ అరబికా పడితే ఎలా ఉంటుందో ఈ మండలంలో ఎందరికి రుచి చూసే అవకాశం ఇచ్చారు?

పని చేతకాదంటే అదీ ఒప్పుకోను. తెలుగువాళ్ళకు ఇన్‌స్టంట్ కాఫీ తయారుచేయడం రాదా? పసుపు మార్కెట్టుకు పేరుపడ్డ గుంటూరు జిల్లా దుగ్గిరాలలో చల్లా రాజేంద్రప్రసాద్ పెట్టిన సీసీఎల్ ఫ్యాక్టరీ 1995 నుంచి ఇదే పని చేస్తోంది. వేడిగాలిలో చిమ్మి ఆరబెట్టే పద్ధతితో మొదలుపెట్టి, 2005లో గడ్డకట్టించి ఆరబెట్టే పద్ధతికీ వెళ్ళింది. ఈ రెండో దాంట్లో వాసన బాగా నిలుస్తుంది. ఆ కంపెనీ పొడి తొంభైకి పైగా దేశాలకు పోతుంది, అక్కడ ఎవరెవరి పేర్లతోనో డబ్బాల్లో అమ్ముడవుతుంది. తిరుపతి జిల్లా కువ్వకొల్లిలో దానిదే ఇంకో ఫ్యాక్టరీ ఉంది. తెలంగాణలో తూప్రాన్ దగ్గర టాటా వాళ్ళ ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ ఉంది. యూరప్‌లో ఎవరో వంటింట్లో కలుపుకునే పొడి మన నేల మీద తయారవుతోంది. ఇంత చేతనైన నేల మీద, మన్యం గింజను పొడి చేసి చిన్న ప్యాకెట్టులో మూయడం చేతకాదంటే ఎవరు నమ్ముతారు? మన్యం కాఫీతో ఇన్‌స్టంట్ ఫ్యాక్టరీ పెడతామన్న మాటలు విన్నాం. ప్రకటన గ్లాసులో కలవదు.

ఇక లెక్క. అరబికా ఖరీదైనది, దాన్ని ఇన్‌స్టంట్‌కు వాడడం వృథా అని వ్యాపారం తెలిసినవాళ్ళు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది గనక కాగితం మీద పెట్టి చూద్దాం. కిలో ఇన్‌స్టంట్ పొడికి 2.6 కిలోల పచ్చి గింజ కావాలని అంతర్జాతీయ కాఫీ సంస్థ వాడే లెక్క. గ్లాసుకు గ్రామున్నర పొడి అనుకుంటే దాదాపు నాలుగు గ్రాముల గింజ. గింజ కిలో 500 రూపాయలనుకున్నా గ్లాసుకు పడే గింజ ఖర్చు రెండు రూపాయలు. ఐదు రూపాయల ప్యాకెట్టులో ఒట్టి అరబికా ఇవ్వవచ్చు, ఫ్యాక్టరీ కూలికీ కొట్టువాడి లాభానికీ చోటు మిగులుతుంది. పైగా 500 పలికే గింజనే వాడనక్కరలేదు. ఏ తోటలోనైనా పంట జల్లెడ పడితే పెద్ద గింజ, చిన్న గింజ, విరిగిన గింజ అని విడిపోతుంది. పెద్దది పారిస్ పంపండి, బెంగళూరు వేలంలో పెట్టండి, మంచి ధర తెచ్చి రైతుకు ఇవ్వండి. చిన్నదీ విరిగినదీ ధర తగ్గించి ఎవరికో అమ్మే బదులు పొడి చేసి మా కొట్టుకు పంపండి. ఐదు రూపాయలు పెట్టలేని ఇంటికి మూడు రూపాయల రకం చేయండి. అందులో కొంత చికోరీ కలపండి, కలిపిన పాలు ఎంతో ప్యాకెట్టు ముందువైపు పెద్ద తెలుగు అక్షరాల్లో రాయండి. దాచాల్సింది ఏముంది?

రైతు వైపు నుంచి చూసినా దగ్గరి గిరాకీ అవసరమే. మన దేశంలో పండే కాఫీలో మూడింట రెండు వంతులకు పైగా బయటికే పోతోంది. అంటే పాడేరు రైతు ధర ఎక్కడో సముద్రాల అవతల తేలుతోంది. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కుప్పకూలాక ధరలు ఎలా పడ్డాయో, 2000 తర్వాత ఏ లోతుకు వెళ్ళాయో కాఫీ పండించే ప్రతి దేశమూ చూసింది. ఈ మధ్య ధరలు ఆకాశానికెక్కాయి నిజమే. ఎక్కినవి దిగవని ఎవరు పూచీ? 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనబడి తోటల్లో కాయలు ఏరి నాశనం చేయవలసి వచ్చింది. ఒక్క పురుగుతో, బ్రెజిల్‌లో ఒక్క మంచి పంటతో రైతు ఏడాది తలకిందులయ్యే చోట, విశాఖ, అనకాపల్లి, విజయనగరం జిల్లాల పల్లెలు రోజూ తాగే కాఫీ ఒక గట్టి అండ. పారిస్ వాడు ఫ్యాషను మారితే ఇంకో దేశపు కాఫీకి వెళ్తాడు. చీడికాడ తల్లి రేపు పొద్దున్న కూడా పాలు కాస్తుంది.

ఇది పంచేవాళ్ళు లేరా? డ్వాక్రా సంఘాలు ప్రతి పల్లెలో ఉన్నాయి. ప్యాకింగ్ వాళ్ళకు ఇవ్వండి, కమీషను వాళ్ళకు ఇవ్వండి. ఆర్టీసీ కాంప్లెక్సుల్లో, చోడవరం, మాడుగుల, దేవరాపల్లి టీ కొట్లలో దండలు కట్టించండి. బెల్లం పొడి ఇక్కడే ఉంది, పాలు ఇక్కడే ఉన్నాయి. కాఫీ, బెల్లం, పాలపొడి మూడూ కలిపిన ప్యాకెట్టు చేస్తే కొండ రైతుకూ చెరకు రైతుకూ పాల రైతుకూ ఒకే గ్లాసులో వాటా దొరుకుతుంది. హాస్టళ్ళలో ఉద్యోగులకు, ప్రభుత్వ కార్యాలయాల్లో సమావేశాలకు బయటి పొడి కొనడం మానేసి ఈ పొడినే కొనమని ఒక్క ఉత్తర్వు ఇస్తే మొదటి ఏడాది అమ్మకం గురించి దిగులే ఉండదు.

వచ్చే నవంబరుకు మళ్ళీ పండు కోతకొస్తుంది. ఆ పంటలో చిన్న గింజ ఎంత తేలుతుందో, దాన్ని ఏ ఫ్యాక్టరీకి ఏ రేటుకు ఇచ్చి పొడి చేయిస్తారో, ఏ నెలకల్లా అనకాపల్లి జిల్లా కొట్లకు ప్యాకెట్టు చేరుతుందో పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), విశాఖలోని గిరిజన సహకార సంస్థ రాతపూర్వకంగా చెప్పాలి. పండించేవాళ్ళు పాడేరు, అరకు నియోజకవర్గాల్లో ఉన్నారు, తాగేవాళ్ళు మాడుగుల నియోజకవర్గంలో ఉన్నారు. ఈ మూడింటి శాసనసభ్యులు కలిసి ఈ ప్రశ్న అసెంబ్లీలో వేయాలి. అక్కడ వేయకపోతే ఓట్లకు వచ్చినప్పుడు ఆ కొట్టు ముందే నిలబెట్టి మేము అడుగుతాం.